నలభయ్యో ఆమీన్

శుక్రవారం వచ్చిందంటే మిస్వర ఊరి ఆడవాళ్ల వంట తొందరగా అయిపోయేది. జొన్న సంకటి కెలికి, మీద మెంతి నురగ పోసి, పిల్లల ముందు పెట్టేసి, నీళ్ల డబ్బాలు నెత్తికెత్తుకుని మసీదు వెనక తొట్టి మెట్ల మీదికి చేరేవారు. మిగతా రోజుల్లో నీళ్లంటే కొండ దిగి ఊట దగ్గర వంతు కాయాల్సిందే. శుక్రవారం మాత్రం మసీదు వాననీటి తొట్టి ఊరందరికీ తెరిచేవారు. అందుకే వచ్చేవారు. కాని అది సగం సంగతి. డబ్బాలు నిండాక కూడా ఒక్కరూ లేచేవారు కాదు. మసీదు గోడకు చెవులొగ్గి, నమాజు ముగిసేదాకా అక్కడే కూర్చునేవారు.

దగ్గరికి జరగండి, వెనకున్నవాళ్లకీ వినబడాలి. ఆ కరుణామయుడి పేరు తలుచుకునే నోరు తెరిచాను, ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

తాయిజ్ పట్నానికి పైన, మబ్బులు గడపలోకి వచ్చే కొండల్లో ఉంది మిస్వర. కొండ నడుము చుట్టూ తాతలు కట్టిన మెట్ల చేలు. సౌదీలో చమురు పొంగిన రోజుల నుంచి మగవాళ్లు ఒక్కొక్కరే ఆ కొండ దిగారు. జిద్దాకి ఇటుకలు మోయడానికి పోయినవాళ్లు కొందరు, తాయిజ్‌లో దుకాణాలు పెట్టినవాళ్లు కొందరు. చేలు ఆడవాళ్లు దున్నారు. వానకు కూలిన రాతి కట్టు ఆడవాళ్లే ఎత్తారు. ఎత్తలేని చోట చేను కిందికి జారిపోయింది, ఇంకో ఇల్లు కొండ దిగింది. మీసం మొలిచిన కుర్రాడు ఆ మీసం సరిగ్గా దిద్దుకోకముందే జిద్దా బాట పట్టేవాడు. పాడె మోయాలంటే పక్క ఊరికి కబురు పంపేవారు. పురుళ్లు తగ్గాయి. తగ్గవూ మరి, మొగుళ్లు ఊళ్లో ఉంటే కదా!

అయినా శుక్రవారం అందరూ కలిసి చేసే జుమా నమాజు మాత్రం ఆగలేదు. మా పద్ధతిలో జుమా నిలవాలంటే ఆ ఊరివాళ్లే అయిన మగవాళ్లు నలభైమంది ఉండాలి. ఒక్కడు తగ్గినా జుమా లేదు. రోజూ చేసే మధ్యాహ్నపు నమాజే, గొంతెత్తకుండా చేసేది. మిస్వర మసీదులో వరస కట్టేది చూస్తే పదకొండుమంది ముసలివాళ్లు. కాని ఇమాము ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహాని గొంతెత్తి చదివి ముగించగానే 'ఆమీన్' అంటూ లేచేవి నలభైకి తగ్గని గొంతులు. ఊరు విడిచిన మగవాళ్లు తమ ఆమీన్‌ని ఊళ్లోనే వదిలి వెళ్లేవారు. ఎండకు నీడ పడ్డంత మామూలుగా, శుక్రవారం మధ్యాహ్నం ఆ గొంతులు దూలాల సందుల్లోంచి దిగేవి. జిద్దాలో ఉన్నా, సముద్రం మీద ఉన్నా, నా ఇల్లు మిస్వర అని మనసులో అనుకున్నంతకాలం మనిషి ఆమీన్ అక్కడే ఉండేది. ఇంకోచోటు నా ఇల్లు అనుకున్న రోజున ఆగిపోయేది. ప్రాణం పోయినా అంతే.

మెట్ల మీద ఆడవాళ్లు చెవులొగ్గేది దానికోసం.

"నీ మొగుడి గొంతుకి కొవ్వు పట్టిందే తఖియ్యా," అనేది ఒకావిడ.

"పట్టదూ? జిద్దాలో రోజూ మాంసమేనట. ఇక్కడ నాకు మెంతి నురగ," అనేది తఖియ్య. నోటికి జడిసి మేకలు కూడా పక్కకు తప్పుకునే మనిషి ఆమె.

"మా ఆయన చూడు, అందరూ అనేశాక తీరిగ్గా అన్నాడు. పెళ్లప్పుడూ అంతే, 'ఒప్పుకున్నాను' అనిపించడానికి కాజీ గొంతు ఎండిపోయింది."

"నయమే, ఇంకా అంటున్నాడు. అది చాలదూ!"

అందరూ నవ్వేవారు. లోపల ఏ ముసలాయనో దగ్గి, ఇది మసీదని గుర్తు చేసేవాడు.

ఆ నవ్వుల్లో గుసూన్ కూడా ఉండేది. పదిహేడేళ్లకు ముక్బిల్‌తో ఆమెకు నిఖా అయింది. ఒక్క జొన్న పంట కలిసి కోశారు. ఆ తర్వాత అతను జిద్దా వెళ్లాడు. రెండు పండగలకు వచ్చి పోయాడు. పిల్లలు కలగలేదు. తర్వాత రాకా లేదు, కబురూ లేదు. గుసూన్, ఆమె అత్త దౌలా, ఒక ఆవు. అదే కాపురం. శుక్రవారం మాత్రం ముక్బిల్ ఆమీన్ తప్పకుండా వచ్చేది. బరువుగా మొదలై, చివర కాస్త ముక్కుతో సాగేది. దౌలా ముసలమ్మ పై మెట్టు మీద, మసీదు చిన్న కిటికీ కింద, ముసుగు మొహం మీదికి లాక్కుని కూర్చునేది. అది ఆమె చోటు, ఇంకెవరూ కూర్చునేవారు కాదు. కొడుకు గొంతు ఆమె తల మీదుగా వచ్చి కింది మెట్టు మీదున్న కోడలి చెవిని తాకేది. ఆ రోజంతా గుసూన్ చేతుల్లో పిండి తేలిగ్గా కదిలేది.

ఆమె అన్న ఖాయిద్ తాయిజ్‌లో ఉండేవాడు. జీపు నడిపేవాడు. ఆ జీపు పైకి ఖాళీగా వచ్చేది, దిగేటప్పుడు ఒక సంసారాన్ని ఎత్తుకుని దిగేది. పరుపులు, కోళ్లు, ఇంటి తలుపుతో సహా. ఒకావిడకు బిడ్డ అడ్డం తిరిగి దారిలోనే పోయింది, రెండో కాన్పుకు భయపడి ఆమె దిగిపోయింది. ఇంకొకావిడ కొడుకు చదువు అంది. ఇంకొకావిడ కాయలు కాచిన అరచేతులు చూపించింది. పెళ్లాం పిల్లలు దిగిపోయిన మరుసటి శుక్రవారం ఆ ఇంటాయన ఆమీన్ తెగిపోయేది. అందుకే ఖాయిద్ జీపు మోత వినబడితే ఫఖీ సాబిత్ చేతికర్ర అందుకునేవాడు.

ఫఖీ సాబిత్ అంటే ఊళ్లో నమాజు చేయించే పెద్దాయన. కళ్లు మసకబారినా చెవులు చురుకు. సజ్దాలో నుదురు ఆనించేముందే ఎన్ని గొంతులు లేచాయో ఆయనకు తెలిసిపోయేది. దైవభక్తిలో ఆయనకు వంక పెట్టేవాళ్లు లేరు, నేనూ పెట్టను. ఆయన ఇద్దరు కొడుకులూ తాయిజ్‌లో ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల ఆమీన్‌లు ఆగిన రెండు శుక్రవారాలూ ఆయన నమాజు ఆపకుండానే పూర్తి చేశాడు.

ఒకసారి ఖాయిద్ ఒక సంబంధం పట్టుకొచ్చాడు. తాయిజ్‌లో దర్జీ, భార్య పోయినవాడు, నెమ్మదస్థుడు. గుసూన్‌కి అప్పటికి పాతికేళ్లు లేవు. మొగుడి జాడ లేదు, పోషణ లేదు అని ఊరి ఫఖీ సాక్ష్యం చెబితే కాజీ ఆ నిఖా రద్దు చేస్తాడు. అన్న, చెల్లెలు, అత్త ముగ్గురూ ఫఖీ గడపలో కూర్చున్నారు.

"పోషణ లేదు. అది నిజం, చెబుతాను," అన్నాడు ఫఖీ. "జాడ లేదని ఎలా చెప్పను నాయనా? పోయిన శుక్రవారం నీ బావ ఆమీన్ నా చెవులారా విన్నాను. రేపు అల్లా ముందు నిలబడాల్సినవాణ్ణి."

"ఆమీన్ సంకటి పెడుతుందా ఫఖీ గారూ?"

"పెట్టదు. కాని అతను ఇల్లు ఇక్కడే అనుకుంటున్నాడు. ఇల్లాల్ని నువ్వు తీసుకుపోతే ఇక ఇల్లేది? ఇవాళ మనకున్నవి సరిగ్గా నలభై గొంతులు. ఒక్కటి పోతే..." ఆయన కర్ర కొనతో గడప మీద తట్టాడు. "నీ చెల్లినే అడుగు."

ఖాయిద్ చెల్లెలి వైపు తిరిగాడు. "చెప్పవే. అక్కడ సుఖమని నేననను. మా ఒక్క గదిలో తొమ్మిదిమందిమి. పక్క గదిలో ఓ ఊరు ఊరే ఉంది. ఒక కుళాయి, మూడు జిల్లాల తగాదాలు. పొద్దున లేచేసరికి కొండ మీద ఇంకో వరస ఇళ్లు. అయినా అక్కడ మనుషులున్నారే! ఇక్కడ ఏముంది, గాలి తప్ప?"

గుసూన్ అత్త వైపు చూసింది. దౌలా ముసుగు లాక్కుని నేల చూపులు చూస్తోంది.

"గొంతు ఉంది కదన్నా," అంది గుసూన్. "మర్చిపోయినవాడైతే ఆగిపోయేది కదా. నన్ను తలుచుకుంటున్నవాణ్ణి కాదని ఎలా రాను?"

దర్జీ రెండు పంటలు ఎదురు చూశాడు. ఆ తర్వాత వేరే పిల్లను చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఏటా ఒక ఉయ్యాల ఊగిందని ఖాయిద్ చెప్పేవాడు. మొదట్లో కోపంగా చెప్పేవాడు. పోనుపోను చెప్పడం మానేశాడు.

ఏళ్లు గడిచాయి. ఒక గొంతు తెగితే కొత్తగా మీసం మొలిచిన ఇంకో కుర్రాడి గొంతు చేరి, లెక్క నలభై దగ్గరే నిలిచింది. గుసూన్ పాపిట పక్కన తెలుపు కనిపించింది. ఒక వానాకాలం దౌలాకు రొమ్ము పట్టేసి మంచాన పడింది. శుక్రవారం పొద్దున గుసూన్ కాఫీ పొట్టు కషాయం అల్లం వేసి కాచి తెస్తే, ముసలమ్మ గిన్నె పక్కకు నెట్టింది.

"బిడ్డా, ఇవాళ నేను మెట్లెక్కలేను."

"ఎక్కొద్దు అత్తా. నేను విని వచ్చి చెబుతాగా, ఎలా అన్నాడో."

"వినడానికేముందే. నువ్వే అనాలి."

"ఏమనాలి?"

ముసలమ్మ ఎప్పటిలా ముసుగు మొహం మీదికి లాక్కుంది. దాని కిందినుంచి ముక్బిల్ "ఆమీన్" అన్నాడు. బరువుగా మొదలై, చివర ముక్కుతో సాగింది.

గుసూన్ ఒక్క ఉదుటున తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆవు పెరట్లో నెమరేస్తోంది. ఆమె నెమ్మదిగా మంచం పక్క నేల మీద కూర్చుంది.

"ఎప్పటి నుంచి?"

"మిడతలు పడ్డ ఏడు."

"దర్జీ సంబంధం తర్వాతా?"

"ముందే."

ముసుగు తీయకుండానే ముసలమ్మ చెప్పుకొచ్చింది. "వాడు ఆగిపోయాడే. ఒక శుక్రవారం నా నెత్తి మీద గాలి ఉత్తదే పోయింది. చచ్చాడో, ఇంకెక్కడైనా ఇల్లనుకున్నాడో నాకేం తెలుసు. నేనేమీ తలపెట్టలేదు, ఒట్టు. నోరు దానంతటదే తెరుచుకుంది, వాడి గొంతు వచ్చింది. కన్నదాన్ని, నా దగ్గర లేకుండా ఎక్కడికి పోతుంది? ఫఖీ కూడా పోల్చలేదు."

"నాకు చెప్పొచ్చుగా అత్తా."

"చెబితే పోతావు. నువ్వు పోతే నాకు నీళ్లెవరు పోస్తారు?" కాసేపు ఊపిరి కోసం పెనుగులాడింది. "అదొక్కటే కాదులే. నలభై తగ్గితే జుమా లేదు. జుమా లేకపోతే ఇక ఎవరి ఆమీనూ వినబడదు. తఖియ్య మొగుడిదీ వినబడదు. ఆ ఆడవాళ్లంతా ఏం విని బతుకుతారే? పో, పై మెట్టు మీద కూర్చుని అనెయ్. ఆ ముక్కు సాగదీత నాకెప్పుడూ సరిగ్గా కుదర్లేదు. నీకైతే కుదురుతుంది."

గుసూన్ కషాయం గిన్నె తీసి మళ్లీ వెచ్చబెట్టింది. అత్తను లేపి కూర్చోబెట్టి తాగించింది. డబ్బాలు ఎత్తుకుని వెళ్లింది.

ఆమె పై మెట్టు ఎక్కి కూర్చుంటే ఆడవాళ్లు సర్దుకున్నారు. "అత్త గద్దె దిగిందా, కోడలెక్కింది!" అంది తఖియ్య. గుసూన్ నవ్వలేదు. లోపల ప్రసంగం అయింది. వరసలు సర్దుకుంటున్న చప్పుడు. ఫఖీ సాబిత్ గొంతెత్తి ఫాతిహా అందుకున్నాడు. ఒక్కో వాక్యం దగ్గరపడుతుంటే గుసూన్ గొంతులోకి ముక్బిల్ వచ్చి నిలబడ్డాడు. ముసలమ్మ చెప్పింది అబద్ధం కాదు. నోరు తెరిస్తే చాలు, ఆ సాగదీతతో సహా వచ్చేస్తాడు. ఇన్నేళ్లు విని విని, ఆ గొంతు ఎక్కడ బరువెక్కుతుందో ఎక్కడ సన్నబడుతుందో ఆమెకు కంఠతా వచ్చు.

ఫఖీ ఆఖరి మాట పలికాడు.

దూలాల్లోంచి, గోడల్లోంచి, ముసలి నోళ్లలోంచి ఆమీన్ లేచింది. పెద్ద అలలా వచ్చి విరిగింది. ఆ అలలో ఒక్క చోట చిన్న ఖాళీ. ఆడవాళ్లు ఒక్కొక్కరే తలెత్తి పై మెట్టు వైపు చూశారు. గుసూన్ పెదాలు బిగించి కూర్చుంది.

నమాజులో మొదటి ఆవృత్తి, మొదటి రకాతు ముగిసింది. రెండో రకాతులో మళ్లీ ఫాతిహా వస్తుంది, మళ్లీ ఆమీన్ వస్తుందని అందరూ గోడకు ఇంకా దగ్గరగా జరిగారు. ఫాతిహా వినబడలేదు. లోపల ఫఖీ గొంతు పూర్తిగా దిగిపోయింది. బట్టల రాపిడి, ముసలి మోకాళ్ల చప్పుడు, అంతే. రెండో రకాతుతో ముగియాల్సిన నమాజు ముగియలేదు. లోపలివాళ్లు మూడోదానికి లేచారు, నాలుగోదానికి లేచారు. జుమా చెదిరి మామూలు మధ్యాహ్నపు నమాజైందని మెట్ల మీదున్న చంటిపిల్లల తల్లికి కూడా అర్థమైంది.

ఫఖీ చెప్పులు కూడా వేసుకోకుండా తొట్టి వైపు వచ్చాడు. "ఎవరిది ఆగింది?"

"ముక్బిల్‌ది," అంది తఖియ్య.

"ఇవాళ ఆగలేదు ఫఖీ గారూ," అంది గుసూన్. "మిడతల ఏడే ఆగింది. అప్పటి నుంచి మీరు వింటున్నది మా అత్త గొంతు."

ఆయన కర్ర పట్టుకునే మెట్టు మీద కూలబడ్డాడు. వేళ్ల కణుపుల మీద ఏళ్లు లెక్కపెట్టాడు. తర్వాత వెనకున్న ముసలివాళ్లతో అన్నాడు. "మిడతల ఏడు నుంచి మనం చేసిన ఒక్క జుమా కూడా జుమా కాదు. అన్ని మధ్యాహ్నపు నమాజులూ మన మెడ మీద ఉన్నాయి. తప్పిన నమాజులకు బదులు చేసే కజా తీర్చుకోవాలి."

"అన్నీనా?" అన్నాడు వాళ్లలో అందరికంటే పెద్దాయన. "అవి తీరేదాకా ప్రాణాలు తీసే దూత గుమ్మంలో కూర్చుంటాడా, సాబిత్?"

"కూర్చోబెట్టమని అడుగుదాం. ఆయన దయగలవాడు."

తఖియ్య మాత్రం గుసూన్ మీదికి వచ్చింది. "ఒక్క మాట అంటే నీ నోట్లోంచి ఏం రాలిపోయేదే? మా అందరి మొగుళ్ల నోళ్లూ ఒక్కసారే మూయించావు కదే!" అంటూనే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. గుసూన్ ఆమె డబ్బా నింపి పక్కన పెట్టింది.

ఫఖీ తాయిజ్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. కాజీ గుసూన్ నిఖా రద్దు చేశాడు. చిన్న పనే, మధ్యాహ్నం ఖాత్ ఆకు నమిలే వేళకు ముందే అయిపోయింది.

ఆ తర్వాత మిస్వర శుక్రవారాలు మూగపోయాయి. ఆడవాళ్లు తొట్టికి వచ్చేవారు, నీళ్లు నింపుకునేవారు, వెంటనే లేచేవారు. మొగుడు తలుచుకుంటున్నాడో లేదో తెలిసే దారి లేదు. వారం వారం వినబడిన మాట ఆగిపోయేసరికి ఒక్కొక్కరికీ రాత్రుళ్లు అనుమానం పుట్టింది. పోయి చూసుకుందామని ముందుగా తఖియ్య దిగింది. ఆ ఏడాది ఖాయిద్ జీపు వచ్చినన్ని సార్లు ఎప్పుడూ రాలేదు. అటు తాయిజ్ కొండ మీద ఇళ్లు ఇంకో వరస పైకెక్కాయి. ఇటు మెట్ల చేలు వాన వచ్చినప్పుడల్లా ఒక మెట్టు తగ్గాయి.

చివరికి గుసూన్ దిగే రోజు వచ్చింది. దౌలా ఆమెకు ఇప్పుడు అత్త కాదు. కాని ఊళ్లో ఆ ముసలమ్మకు నీళ్లు పోసేవాళ్లెవరూ మిగల్లేదు. గుసూన్ ఆమెను దుప్పట్లో చుట్టి, వీపున మోసుకొచ్చి జీపులో కూర్చోబెట్టింది. ఖాయిద్ చూశాడు. పరుపు కట్ట పక్కకు జరిపి చోటు చేశాడు.

ఫఖీ సాబిత్ మసీదు గుమ్మం దాకా వచ్చాడు. వంగి వంగి నడుము అలాగే నిలిచిపోయింది. "గుసూన్ బిడ్డా, నన్ను క్షమించి వెళ్లు."

"అల్లా క్షమిస్తాడు ఫఖీ గారూ. కజాలు ఎంతవరకు వచ్చాయి?"

"తీరుస్తున్నాం. ఇద్దరు మధ్యలోనే పోయారు. వాళ్లవి ఏమవుతాయో ఆయనకే తెలియాలి."

గుసూన్ తల ఊపింది. జీపెక్కబోయి ఆగింది.

"ఆ దర్జీకో, ఇంకెవరికో నన్నిచ్చి ఉంటే నాకు కొడుకులు పుట్టేవాళ్లేమో. ఈ ఊరు దిగి వెళ్లిన ప్రతి ఆడదానికీ పుట్టారు. మీరు నలభైమంది ఉండాలని మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టారు ఫఖీ గారూ. పుట్టనివాళ్లను దేంతో తీరుస్తారు?"

ఆ పెద్దాయన ధర్మసూక్ష్మాలు అరవై ఏళ్లు చదివినవాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎవర్నీ గుమ్మం నుంచి పంపినవాడు కాదు. ఆయన జీపు చక్రం కింద పెట్టిన రాయిని కర్రతో పక్కకు తోశాడు. జీపు కదిలింది.

మొదటి మలుపు దగ్గర గతుకులకు ముసలమ్మ కదిలింది. ఆ శుక్రవారం తర్వాత దౌలా సొంత గొంతు తిరిగి రాలేదు. నోరు తెరిస్తే కొడుకే వచ్చేవాడు.

"గుసూన్," అన్నాడు ముక్బిల్. "దాహమేస్తోంది."

గుసూన్ డబ్బా మూత తీసింది. ముసలమ్మ తల ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, మొహం వైపు చూడకుండా, తాగినన్ని నీళ్లు పోసింది.